సీతాఫలాల యార్డుల నా కుళ్లు

మా వాడకట్టోళ్లు ఇద్దరు ఈ మధ్య రైల్వేల మాలు గుమాస్తాలుగ చేరిండ్రు. పోయేముందు నా దగ్గరికొచ్చి కొలువు గురించి నాలుగు మాటలు చెప్పుమన్నరు. ఏవో చెప్పి పంపిన. వాళ్లు పోయినంక నా మనసుకే సమ్మతం కాలె. నేను చెప్పినవన్ని రూల్సు పుస్తకంల ఉన్నవే. పుస్తకంల లేనిది చెప్పాలంటె నా తప్పు చెప్పుకోవాలె, అందుకే నోరు రాలె. నౌకరీ అయిపోయి వజీఫా, అదే పింఛను, తింటున్నోణ్ణి, ఇంక దాచుకొని ఏం చేస్త? అందుకని రాస్తున్న.

ఎప్పుడు ఎక్కడ బద్లీ అయింది, ఏ మెట్టు ఎప్పుడెక్కిన అన్నది ఇందుల ఉండదు. అవి నా భార్యకే యాదికి లేవు, మీకెందుకు? నేను మొదటిసారి పనిచేసిన యార్డు గురించి, అక్కడ ఖాజా అనే మనిషి గురించి చెప్త.

మా యార్డు

మాది ఇబ్రహీంపట్నం. మా ఊరికి రైలు లేదు. నిజాం కాలంల పట్నం నుంచి దక్షిణం దిక్కు పోయే చిన్న గేజి లైను మీద ఒక స్టేషను ఉండె. మా ఊరి బండ్లు కోడికూతకు కదిలితె పొద్దు వాలేటప్పటికి ఆడికి చేరేవి. చదువు ఉర్దూ మిడిల్ దాంక చేసిన నాకు ఆ స్టేషన్ల మాల్‌బాబు కొలువు దొరికింది. మాల్‌బాబు అంటె వచ్చిన సరుకు చూసి, సరుకు రసీదు, అదే బిల్టీ, రాసి, గూడ్సు డబ్బాలకెక్కించి సీలు వేపించేటోడు.

యార్డు అంటె పెద్దగ అనుకోకుండ్రి. అసలు లైను పక్కన ఇంకో రెండు వరుసల పట్టాలు, ఒక రేకుల గోదాం, ఇంజను నీళ్లు పట్టే ట్యాంకు, ఒక బొగ్గు కుప్ప. డబ్బాలు అటిటు జరపడానికి వేరే ఇంజను లేదు. హమాలీలే చక్రాల కింద గడ్డపారలు పెట్టి, భుజాలు ఆనిచ్చి నెట్టేటోళ్లు. పది నెలలు ఆముదాలు, జొన్నలు, తోళ్లు. దసరా ముందటి నుంచి దీపావళి దాటేదాంక మాత్రం సీతాఫలమే. చలిదేశంల ఆపిలు పండ్ల కోసమని యార్డులకు యార్డులే కడ్తరని మా టేసను మాస్టరు చెప్పేటోడు. మాకు ఆపిలు అయినా, మామిడి అయినా, అన్నీ సీతాఫలమే.

మా ఊరి పక్కన మంచాల అనే ఊరి గుట్టల మీద సీతాఫలం చెట్లు ఎవరూ పెట్టకుండనే పెరిగేవి. ఆడోళ్లు కొంగు నడుముకు చెక్కి ఎక్కి తెంపేటోళ్లు. వాళ్లల్ల పెద్ద లచ్చవ్వ. ఏ గుట్ట మీద ఎవరు తెంపాల్నో, ఎవరి గంప ఏ బండికెక్కాల్నో ఆమెనే చెప్పేది. తెంపిన కాయను సీతాఫలం ఆకులల్లనే పేర్చి గంపలల్ల యార్డుకు పంపేటోళ్లు.

ఆ కాయతోని ఉన్న తిప్పలు ఏందంటె, దానికి ఓపిక లేదు. కన్నులు బాగ విచ్చుకున్న కాయ రెండు దినాలల్ల పండిపోతది, పట్నం దాటదు. కన్నుల నడుమ తెల్లగీత అప్పుడప్పుడే కనిపించే కాయ అయితె నాలుగు దినాలు ఆగుతది, మన్మాడు మీదుగ బొంబాయి పోతది. అసలు కన్నే తెరవని కాయ ఎన్నడూ పండదు, నల్లబడి రాయి అయితది. ఈ మూడు రకాలు ఒక్క డబ్బాల కలిసిపోతె మొత్తం ఖరాబు. కాబట్టి డబ్బాకెక్కించే ముందు గంపలు ఏ రకం ఆ రకం వేరు చేయాలె. బిల్టీ రాసుడు కన్న అదే అసలు పని. అది నాకు రాదు. ఖాజాకు వచ్చు.

ఖాజా

ఖాజా హమాలీలకు జమాదారు. మా ఊరోడే, మా గల్లీ అవుతలి గల్లీ. వాళ్ల తాతల కాలం నుంచి మా ఊర్లనే ఉన్నరు. వాళ్ల నాయిన ఎడ్లకు నాడలు కొట్టేటోడు. నాకన్న పది పన్నెండేండ్లు పెద్ద. చదువు లేదు. అంగి ఎప్పుడూ మోచేతుల కాడ చినిగే ఉండేది.

అతను గంప మీది ఆకు పక్కకు జరిపి, చెయ్యి లోపలికి పోనిచ్చి, కింది వరుసల కాయ ఒక్కటి పట్టుకొని చూసేటోడు. ఎత్తడు, పిసకడు. చెయ్యి బయటికి తీసి 'పట్నం' అనో, 'బొంబాయి' అనో అనేటోడు. అంతే. హమాలీ ఎత్తుకొని అటు పోయేటోడు. నేను ఒక్కసారి ఊరికనె పరీక్ష చేద్దామని, అతను 'బొంబాయి' అన్న గంప ఒకటి గోదాంల ఆపి పెట్టిన. నాలుగో దినం తెరిచి చూస్తె అప్పుడే మెత్తబడుతున్నయి. తప్పు దొరకలేదని నాకు బాధైంది. నిజం చెప్తున్న, బాధే అయింది.

బండ్లు వచ్చి ఆగంగనె అందరు అడిగేది ఒక్కటే, ఖాజా ఉన్నడా అని. కుర్చీ నాది, టోపీ నాది, రాసే చెయ్యి నాది. నా ముంగట నిలబడి, నా తల మీదికెల్లి చూసి అతని కోసం ఎదురుచూసేటోళ్లు. లచ్చవ్వ అయితె నన్ను 'రాసే పిలగాడు' అనేది.

టేసను మాస్టరు వరదరాజులు అరవదేశం నుంచి వచ్చిన పెద్దమనిషి. మాట తక్కువ. పొగిడితె జీతం పెంచాల్సి వస్తదన్నట్లు ఉండేటోడు. అసొంటోడు కూడ ఒకసారి నా ముంగట్నే, ఖాజా లేకపోతె ఈ యార్డుకు తాళం వేసుకోవచ్చు అన్నడు. నేను ఆ పొద్దు అన్నం సగంల లేచిన.

మా బాపు గంపలు

ఇది చిన్న ముచ్చటే గానీ నన్ను అన్నిటికన్న ఎక్కువ కోసింది ఇదే.

మాకు ఇబ్రహీంపట్నంల భూమి ఉంది. చెలక అంచున కొన్ని సీతాఫలం చెట్లు ఉండె. ఒక యేడు మా బాపు స్వయంగ బండి కట్టుకొని ఎనిమిది గంపలు తెచ్చిండు. కొడుకు కొలువు కళ్ల చూస్తనని చెప్పి వచ్చిండు. నేను ఇస్త్రీ అంగి ఏసుకొని గోదాం ముంగట నిలబడ్డ. బాపు బండి దిగి, నన్ను చూసి నవ్వి, దాటుకొని పోయి ఖాజా భుజం మీద చెయ్యి ఏసిండు. ఈ గంపలు ఏ దిక్కు పంపాలె బిడ్డా అని అతన్ని అడిగిండు.

బిడ్డా అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తది. నా బాపు నాకు చేసిన అన్యాయం ఏం లేదు. కాయ తెలిసినోణ్ణి కాయ గురించి అడిగిండు. ఈ సంగతి నాకు అప్పుడు కూడ తెలుసు. తెలిసినా ఆగలె. నేను మంచిగ లేక అతను మంచిగ ఉన్నడని కాదు నా బాధ. నేను కూడ మంచిగనే ఉన్న, గానీ అతను ఉన్నంతవరకు అది ఎవరికీ కనిపించదు. పక్కోడి మీద కుళ్లు ఇట్లనే మొదలైతది. అది నౌకరీల ఉన్నోళ్లకు ఎక్కువ, ఎందుకంటె పక్కోణ్ణి రోజూ చూడాలె.

మూసిన డబ్బా

యుద్ధం వచ్చినంక డబ్బాలు దొరుకుడు కష్టమైంది. పండ్లకు జాలీ డబ్బా కావాలె, అంటె పక్కలకు గాలి ఆడే సందులున్న డబ్బా. ఆ యేడు దీపావళి ముంగట మూడు దినాలు ఒక్క జాలీ డబ్బా రాలె. డబ్బా వస్తదని తెలిసినంకనే లచ్చవ్వ తెంపిచ్చింది, ఒక్క దినంలనే గోదాం నిండిపోయింది. నాలుగో దినం ఒక డబ్బా వచ్చింది, గానీ అది మూసిన ఇనుప డబ్బా. తలుపేస్తె చీమ దూరదు.

ఖాజా లోపలికి పోయి, గోడకు అరచెయ్యి ఆనిచ్చి చూసి బయటికొచ్చిండు. ఎండకు పెనం లెక్క ఉన్నది, ఇందుల పండ్లు ఎక్కియొద్దు, రేపటికి జాలీ డబ్బా వస్తదని పై స్టేషనోళ్లు చెప్పిండ్రు కదా, ఒక్క దినం ఆగుదాం అన్నడు. అన్నది మంచి మాటనే. అయితె నన్ను పక్కకు పిలిచి అనలె. బండ్లోళ్లు, లచ్చవ్వ, హమాలీలు అందరు ఉండంగ అన్నడు. అందరి తలలు అతని దిక్కు తిరిగినయి.

"డబ్బా సంగతి నాది, గంప సంగతి నీది" అన్న నేను. "ఎక్కియ్యి."

అతను నా మొఖం దిక్కు చూసిండు. ఇంకోసారి చెప్పిండు, ఈసారి చిన్నగ. నేను బిల్టీ పుస్తకం తెరిచి రాసుడు మొదలువెట్టిన. వరదరాజులు ఆ దినం పట్నం పోయి ఉండె, అడ్డం చెప్పేటోడు లేడు. గంపలు ఎక్కినయి. తలుపు మూసేటప్పుడు లచ్చవ్వ నా దిక్కు కాకుండ ఖాజా దిక్కు చూసింది. అతను తల వంచుకొని నిలబడ్డడు.

డబ్బా నడుమ ఏదో జంక్షన్ల ఆగింది. మన్మాడుల తలుపు తెరిచేసరికి కాయలు కాయలుగ లేవట. బొంబాయి సేట్లు వద్దన్నరు. మంచాల ఆడోళ్ల ఆ యేటి కష్టమంత ఆ ఒక్క డబ్బాల పోయింది. లచ్చవ్వ యార్డుకొచ్చి గోదాం మెట్ల మీద కూసున్నది. ఏడ్వలె, తిట్టలె. గుట్ట ఎక్కేటప్పుడు కాలు జారి చెయ్యి విరిగిన పిల్ల ఒకతి ఉన్నదని, ఆ పిల్లకు ఏం చెప్పాల్నని అడిగింది. నేను లోపలికి పోయి కాగితాలు సర్దిన.

బయాను

తనిఖీ చేసేటందుకు పట్నం నుంచి ఒక అధికారి వచ్చిండు. మంచోడే, గానీ తొందరల ఉండె. జరిగింది రాసి, సంబంధం ఉన్నోళ్లతోని దస్తఖతులు చేపియ్యుమని నాకే అప్పజెప్పిండు. తప్పు చేసినోడి చేతికే కలం ఇచ్చుడు రైల్వేల నేను చాన సార్లు చూసిన. మీకు అసొంటి పని చెప్తె, నా వల్ల కాదని చెప్పుండ్రి.

నేను ఉర్దూల బయాను, అంటె వాఙ్మూలం, రాసిన. డబ్బా పండ్లకు పనికొస్తదని జమాదారు ఖాజా చూసి చెప్పిండు, ఆ మాట మీదనే ఎక్కిచ్చినం అని రాసిన. ఖాజాకు చదువు రాదు. అతన్ని పిలిచి చదివి వినిపిచ్చిన. ఆ ఒక్క వాక్యం కాడ వేరే చదివిన. డబ్బా ఆలస్యమై పండ్లు చెడినయి అని చదివిన. అతను ఆఖరి దాంక విన్నడు. బొటనవేలు సిరాల ముంచి, నేను చూపెట్టిన కాడ ఒత్తిండు. ఒత్తి, వేలు అంగికి తుడుచుకొని పోయిండు.

జమాదారీ పోయింది. ఇంజనుకు నీళ్లు పట్టే పనికి ఏసిండ్రు. అదే యార్డు, నా కిటికీకి ఎదురుంగ. నీళ్ల ట్యాంకు కాడ నిలబడి తోలుగొట్టం పట్టుకునేటోడు. ఆ చేతులు కాయను ముట్టుడు బంద్ అయింది.

ఇగ నేను సంతోషపడాలె. పడ్డ కూడ. ఒక నెల రోజులు మస్తు నిద్ర పట్టింది. దీన్ని దాచిపెట్టి, ఆ దినం నుంచే పశ్చాత్తాపంతోని కాలిపోయిన అని రాస్తె మీరు నమ్ముతరేమో గానీ అది అబద్ధం.

మరుసటి యేడు

మళ్ల సీతాఫలం వచ్చింది. కొత్త జమాదారు ఉన్నడు గానీ కాయ సంగతి తెల్వదు. వరదరాజులు నన్ను పిలిచి, ఈ యేడు గంపలు వేరుచేసుడు నువ్వే చూడు అన్నడు. నేను ఎన్నేండ్ల నుంచో కోరుకున్న పని అదే. గంప ముంగట కూసొని, ఖాజా లెక్కనే ఆకు జరిపి చెయ్యి పెట్టిన. కాయ దొరికింది. దాన్ని పట్టుకున్న. ఏం తెల్వలె. పక్కన బండ్లోళ్లు చూస్తున్నరు. 'బొంబాయి' అన్న. ఇంకో గంపకు 'పట్నం' అన్న. నోటికొచ్చింది అన్న.

ఆ వారం వచ్చిన ఖబర్లు చెప్పను. మూడో దినానికే బండ్లు తగ్గినయి. కొందరు గంపలు బండ్ల మీదనే పట్నం తోలుకపోవుడు మొదలువెట్టిండ్రు. ఇట్లయితె యార్డుల పండ్ల పని బందైతదని వరదరాజులు చెప్పిండు. పండ్ల పని బందైతె హమాలీలల్ల సగం మంది ఇంటికే.

నేను నీళ్ల ట్యాంకు కాడికి పోయిన. ఇంజను లేని టైము. ఖాజా కట్ట మీద కూసొని రొట్టె తింటున్నడు. ఎట్ల మొదలువెట్టాల్నో తెల్వక, కాయ చూసుడు నాకు జర నేర్పుమన్న. నేర్పడేమో అనుకున్న. అతను రొట్టె పక్కకు పెట్టి, నా చెయ్యి పట్టుకొని, వేళ్లతోని గట్టిగ పట్టొద్దు, అరచెయ్యి కింద పెట్టి బరువు చూడాలె, కాయ చల్లగ ఉన్నదా వెచ్చగ ఉన్నదా చూడాలె, పండబోయే కాయ లోపలికెల్లి వెచ్చబడ్తది అని చెప్పిండు. అంత ఓపికగ నాకు మా బడి పంతులు కూడ చెప్పలె.

నాకు అప్పుడు ఆగలె. ఆ దినం బయాను తప్పు చదివిన అని చెప్పిన.

"అవ్, తెలుసు" అన్నడు.

ఎట్ల తెలుసని అడిగిన. చదువుతాంటె ఆ ఒక్క కాడ నువ్వు కాగితం దిక్కు చూడలె, నా దిక్కు చూసినవ్ అన్నడు.

"మరి వేలెందుకు ఒత్తినవ్?"

"నీది రాత కొలువు, నర్సిం. పోతె మళ్ల రాదు. నాదేముంది, ఈడ కాకపోతె ఆడ మోస్త. మీ బాపు మొఖం యాదికొచ్చింది, ఒత్తిన."

అది విని నాకు సిగ్గు వచ్చి ఉండాలె. వచ్చింది, గానీ తర్వాత. ముందుగాల వచ్చింది మళ్ల కుళ్లే. కాయల్నే కాదు, మనిషితనంల కూడ నాకన్న ముందట్నే ఉన్నడు గదా అని. మా బాపు గురించి నాకు రాని ఆలోచన అతనికి వచ్చింది గదా అని. ఎండల నిలబడి, నేర్పిన మనిషి మీదనే పళ్లు నూరిన. ఆ క్షణంల తెలిసింది నాకు, ఇది అతని తోని ఉన్న పంచాయితి కాదు, నా లోపలి రోగం అని. అతను ఇంకేం ఇచ్చినా నాకు తక్కువే అయితది. మిగిలింది నేను ఇచ్చేదొక్కటే ఉన్నది.

ఆ సాయంత్రమే ఉన్నది ఉన్నట్లు కాగితం మీద పెట్టి వరదరాజులు ముంగట పెట్టిన. రెండుసార్లు చదివిండు. చించెయ్యుమంటవా, పంపుమంటవా అని అడిగిండు. పంపుమన్న. నేను పొగడ్త కోసం చూసిన అనుకుంట, ఆయన మొఖంల ఏం దొరకలె. యేడాది ఆలస్యం చేసినవ్ అని మాత్రం అన్నడు. మంచి అధికారి అంటె ఇట్లుండాలె. తప్పు ఒప్పుకున్నోణ్ణి ఎత్తుకొని ముద్దు చేయొద్దు.

ఖాజాకు జమాదారీ మళ్ల వచ్చింది. నన్ను కిందికి దింపి, ఉప్పు, సున్నం తప్ప ఏం దిగని ఒక స్టేషనుకు పంపిండ్రు. నాలుగేండ్లు ఆడ్నే ఉన్న. లచ్చవ్వ ముంగటికి పోయి కూడ చెప్పిన. ఆమె విని, ఆ చెయ్యి విరిగిన పిల్ల పెండ్లి ఒక యేడు ఎనుకకు పోయిందని చెప్పి, తన పనికి తాను పోయింది. ఆమె నన్ను మాఫ్ చేయలె. చేయాల్నని ఏం లేదు.

మీరు కుళ్లుకోవద్దని నేను చెప్పను. చెప్పినా ఆగరు. మీ కన్న చిన్న కొలువు చేసేటోడు మీ కన్న ఎక్కువ పనిమంతుడు కావచ్చు, అది మీకు రోజూ కండ్ల పడ్తది. అప్పుడు కడుపు మండితె మండనియ్యుండ్రి. ఆ మంటల ఉండి మాత్రం ఒక్క అక్షరం రాయకుండ్రి, ఒక్క డబ్బా తలుపు మూయకుండ్రి.

ఆ ఆఖరి యేడు

నిజాం రాజ్యం పోయిన యేడు నేను మళ్ల పాత యార్డుకు వచ్చి ఉన్న. అంతకు ముందే సరిహద్దులు మూసిండ్రు, బొంబాయి దారి బందైంది. ఇండియా ఫౌజు వచ్చినంక కొన్ని దినాలు రైళ్లు కూడ సక్కగ నడవలె. సీతాఫలం గుట్టల మీదనే పండి రాలింది, తెంపేటోళ్లు లేరు. ఎవరు ఎవరి మీద పడ్తరో తెల్వని రోజులు. ఊర్లల్ల తురకల ఇండ్లోళ్లు తలుపులు తెరుస్తలేరు. ఖాజా నాలుగు దినాల నుంచి పనికి రాలె.

నాకు ఇబ్రహీంపట్నం పోవాల్ననిపించింది. సెలవు అడగకుండనే బయలుదేరిన. తొవ్వంత ఒక్కటే అనుకున్న. ఇన్నేండ్లకు నాకొక వంతు వచ్చింది, ఇయ్యాల అతని గడప మీద నేను నిలబడ్త, అతని కోసం ఒక్క పనన్న అందరి కన్న ముందు నేను చేస్త అని. అవ్, అప్పుడు కూడ నా మనసుల 'అందరి కన్న ముందు' అన్న మాట ఉన్నది.

మిట్ట మధ్యాహ్నం వాళ్ల గల్లీల అడుగు పెట్టిన. ఖాజా ఇంటి ముంగట అరుగు మీద మనుషులు నిండి ఉన్నరు. యార్డుకొచ్చే బండ్లోళ్లు, ఇద్దరు హమాలీలు, మంచాల నుంచి నడిచి వచ్చిన లచ్చవ్వ. గడపకు అడ్డంగ, కట్టె ఒడిల పెట్టుకొని మా బాపు కూసున్నడు. మూడు దినాల నుంచి ఆ ఇంటికి కావలి ఉండి ఆడ్నే అన్నం తింటున్నడట. ఇంటోళ్లంత లోపల పిల్లాపాపలతోని పైలంగ ఉన్నరు.

బాపు నన్ను చూసి, ఇప్పుడొచ్చినవా అన్నడు. అంతే అన్నడు.

నా కడుపుల పాత మంట ఒక్కసారి భగ్గుమన్నది. దాన్ని గుర్తు పట్టిన. ఇగ దాని మాట వినలె. నిలబడే ఉన్న, ఎందుకంటె కూసునే జాగ లేదు.

లోపలికెల్లి ఖాజా తలుపు కొంచెం తీసి నన్ను చూసిండు. నాలుగు దినాలల్లనే గడ్డం తెల్లగైంది. బాపుతోని, లచ్చవ్వతోని జర జరుగుండ్రి, మాల్‌బాబు కూసుంటడు అన్నడు. లచ్చవ్వ నా దిక్కు చూడలె గానీ, చీర కొంగు ఒడిలకు గుంజుకొని ఇంత పక్కకు జరిగింది.

ఆ సందుల కూసున్న. ఎండ మొఖం మీద పడుతున్నది, ఒక మోకాలు బయటికే ఉన్నది. గల్లీ మళ్ల మామూలుగ నడిచేదాంక, ఇంకో ఐదు దినాలు ఆడికెల్లి లేవలె.